వెలుగు నాడె

ఇప్పుడు బీపీ చూపించుకున్నంత మామూలుగా జనం వెలుగుచుక్క ముందు కూర్చుంటున్నారు. చేదు జ్ఞాపకాన్ని తలుచుకుంటూ, అటూ ఇటూ కదిలే చుక్కను కళ్ళతో వెంబడిస్తే దాని పోటు తగ్గుతుంది. మా నేతపేటలో ఆ యంత్రం నడిపే ఉద్యోగం నాది. ఈరోజు కుర్చీలో మా అమ్మ కూర్చుంది. మగ్గాల షెడ్డు కాలి నాన్న పోయినప్పటినుంచి ఆమెకు కళ్ళు మూస్తే మంటే. మళ్ళీ మగ్గం మీద కూర్చోలేదు.

చుక్క కదిలింది. అమ్మ పాదాలు నేలను తొక్కసాగాయి.

“కాళ్ళు కదపకూడదమ్మా.”

“పోగు పట్టుకుని నాడె అటూ ఇటూ పోతుంటే నేసేదాని కాళ్ళు ఊరుకుంటాయటే?”

కాసేపటికి ఆమె ముఖం తేటపడింది.

“ఏం కనబడుతోందమ్మా?”

“మంట లేదే. మీ నాన్న ఎదుటి మగ్గం మీద నేస్తున్నాడు.”

సమయం అయిపోయింది. నా చేయి స్విచ్ మీదికి వెళ్ళింది.

“ఆపకే తల్లీ,” అంది అమ్మ. “ఆపితే లేచి వెళ్ళిపోతాడు.”