దున్నేదెవరు?

గట్టు మీద కాలు జారి ఆ పెద్దావిడ మోకాలి లోతు బురదలో దిగబడింది.

నారు పీకుతున్న చన్‌పెన్ పరుగున వచ్చి చెయ్యందించింది. "ఎవరి తాలూకు పెద్దమ్మా? గట్ల మీద నడిచే అలవాటున్నట్టు లేదే!"

"అలవాటు తప్పి చాలా ఏళ్లయింది తల్లీ," అని నవ్విందావిడ.

చన్‌పెన్ కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చింది. బుట్టలోంచి జిగురన్నం, కాల్చిన చేప తీసి ముందు పెట్టింది.

రెండు ముద్దలు తిన్నాక ఆవిడ అడిగింది. "ఈ పన్నెండు రాయ్‌ల పొలం దున్నేదెవరు?"

చన్‌పెన్ ఆవిడను ఆఫీసరే అనుకుంది.

ఊరిపెద్ద థవోన్ వారం కిందటే హెచ్చరించాడు. "పట్నం నుంచి ఆఫీసర్లు వచ్చి తిరుగుతున్నారు చెల్లెమ్మా. కాగితం లేకుండా కౌలు చేస్తున్నావని తెలిస్తే పొలం లాగేసుకుంటారు. ఎవరడిగినా నేనే దున్నుతున్నానని చెప్పు. నువ్వు కూలికొచ్చానను."

థవోన్ మాట ఆమె జవదాటదు. భర్త పోయినప్పుడు చితికి కట్టెలు తెచ్చిన మనిషి. ఏడేళ్లుగా కౌలు డబ్బులు అతని చేతికే ఇస్తోంది, భూమి గలవాళ్లను ఎన్నడూ చూడలేదు.

భూమి గలవాళ్లు సంతకం పెడితేనే కౌలుదారుకు సర్కారు సాయం వస్తుంది. "బ్యాంకాక్‌లో ఉన్న ఆ ఇంటివాళ్లవి రాతి గుండెలు. చచ్చినా సంతకం పెట్టరు, అంతా వాళ్లే మింగుతారు" అని ఏటా ఆమె తరఫున తిట్టిపోసేదీ అతనే. జాలిపడి ప్రతి నాట్లకూ ఓ ఎరువు బస్తా ఆమె వాకిట్లో దింపేవాడు. ఆమె చేతులు జోడించేది.

"ఊరిపెద్ద దున్నుతాడు పెద్దమ్మా. నేను కూలికొచ్చాను."

ఆవిడ చూపు చన్‌పెన్ కాయలు కాసిన చేతుల మీద నిలిచింది. "నిజంగానా?"

"బుద్ధుడి మీద ఒట్టు!"

"మరి సర్కారు సాయం?"

"దున్నే ఆయనకే అందుతోంది. అందులో తిరకాసేముంది?"

"పోనీలే తల్లీ. నా మనసు కుదుటపడింది." ఆవిడ మెల్లగా లేచి రోడ్డు వైపు వెళ్లింది.

ఆ సాయంత్రం చన్‌పెన్ ఊరిపెద్దతో గొప్పగా చెప్పింది. "ఆఫీసరమ్మను భలే బురిడీ కొట్టించానన్నా!"

"నువ్వు బంగారానివి చెల్లెమ్మా!" అన్నాడు థవోన్.

కోతల ముందు నది పొంగింది. ఐదెకరాలకు కాస్త తక్కువైన ఆ పన్నెండు రాయ్‌లూ మునిగిపోయాయి.

మునిగిన పంటకు పరిహారం ఇస్తున్నారని తెలిసి, ఇక దాచి లాభం లేదనుకుని, చన్‌పెన్ వ్యవసాయ కార్యాలయానికి వెళ్లింది. కౌలు సంగతంతా గుమాస్తా పిల్లకు చెప్పుకుంది.

ఆ పిల్ల జాబితా చూసింది. "ఆ పొలం పరిహారం థవోన్ గారు నిన్ననే తీసుకున్నారు పిన్నీ. ఏడేళ్లుగా సాయం కూడా ఆయనకే పోతోంది."

"భూమి గలవాళ్లకు కదా?"

"కాదు. వాళ్లు ఏటా సాయం కాగితం మీద సంతకం పెట్టి పంపుతున్నారు. దున్నేవాళ్ల పేరు రాయమని ఆ చోటు ఖాళీగా వదిలి ఊరిపెద్దకు పంపితే, ఆయన తన పేరే రాసుకున్నాడు."

అన్నా అన్నా అని ఏడేళ్లు తను మొక్కింది ఎవరికి?

"నాట్లప్పుడు ఓ ఆఫీసరమ్మ వచ్చింది," అంది చన్‌పెన్. "ఆవిడ కాళ్ల మీద పడతాను. అబద్ధమాడానని చెప్పుకుంటాను. ఎక్కడుంటుంది?"

"మా వాళ్లెవరూ పొలానికి రాలేదే!"

"బక్కపలచటి పెద్దావిడ. నెరిసిన పొట్టి జుట్టు."

గుమాస్తా పిల్ల కలం కింద పెట్టేసింది.

"ఆవిడ పోయిన నెల కాలం చేశారు పిన్నీ. ఆ రోజు పొలం నుంచి నేరుగా ఇక్కడికే వచ్చారు. దున్నే మనిషెవరో స్వయంగా కనుక్కున్నానని చెప్పి, థవోన్ పేరున పదేళ్ల కౌలు రాసి వెళ్లారు... ఆ పొలం ఆవిడదే."