వీపు మీద కొత్త పెట్టె

తిమింగలం వీపుకి అతుక్కుని బతికే చిన్న చేప ఒకటుండేది. దాన్ని అందరూ జిగురు అనేవారు. ఒకనాడు తన పక్కనే వేలెడంత పెట్టె దిగి ఉండటం చూసి జిగురు గుడ్లు మిటకరించింది. ఆ పెట్టె తిండి తినదు, పలకరిస్తే పలకదు. తిమింగలం పైకి తేలినప్పుడు మాత్రం దాని నెత్తిమీది తీగ సన్నగా వణుకుతుంది.

ఒకసారి తిమింగలం ఊపిరికోసం తేలగానే, వీపు మీద వాలిన సముద్రపు పక్షిని జిగురు గుసగుసగా అడిగింది.

"ఇదెవరు? నా చోట్లో దీనికేం పని?"

"మనుషులు తగిలించారు. ఈ తిమింగలం పెద్దమ్మ తేలినప్పుడల్లా ఎక్కడుందో ఈ పెట్టె ఆకాశంలో తిరిగే ఉపగ్రహానికి చెబుతుంది. అది తెలుసుకుని ఒడ్డునున్నవాళ్లు ఓడల్ని పక్కకి తప్పిస్తున్నారు."

జిగురుకి ఒళ్లు మండింది. "నిన్నగాక మొన్న వచ్చిన దీనికి అంత గొప్పా? పన్నెండేళ్లుగా పెద్దమ్మని అంటిపెట్టుకుని ఉన్నది నేను!"

"అంటుకుని ఉన్నావు, సరే. ఆవిడ ఏటా ఈ తీరం వెంట ఎక్కడికి పోతుందో చెప్పు."

ఎంత ఆలోచించినా జిగురుకి తను తిన్న తిండే తప్ప తిరిగిన దారి గుర్తుకు రాలేదు.

నెల తిరక్కుండానే పెట్టె ఊడిపోయింది. జిగురుకి సంబరం కలగలేదు. ఖాళీ అయిన ఆ చోటుకి జరిగి, పుట్టాక మొదటిసారి ముందుకి చూసింది.

"పెద్దమ్మా, మనం ఎక్కడికి పోతున్నాం?" అని గట్టిగా అడిగింది.

తిమింగలం ఉలిక్కిపడి ఆగింది.

"ఎవరది, నా వీపు మీద?"