స్పిరిట్ దూది

"ముందు ఆ స్పిరిట్ సీసా ఇక్కణ్ణించి తీసెయ్యండి," అంది నాగదుర్గ.

కానిస్టేబుల్ బుల్లబ్బాయి సీసా వంకా ఆమె వంకా చూశాడు. "మీ టేబుల్ మీదదే కదండీ. ఉంటే ఏంటండి?"

"ఇరవై రెండేళ్ళ అలవాటు. సూది పట్టుకుంటే చాలు, రెండో చెయ్యి దానంతటదే దూదిని స్పిరిట్‌లో ముంచేస్తుంది. రేపు కోర్టులో లాయరు లేచి, రక్తంలో కనిపించింది మందు కాదు, నర్సు ఇతని చేతికి రాసిన స్పిరిట్ అంటాడు. కేసు ఎగిరిపోతుంది. కిందటేడు ఇక్కడే ఒకటి అలా ఎగిరిపోయింది. తీసుకెళ్ళి వరండాలో పెట్టండి."

బుల్లబ్బాయి సీసా పట్టుకుని బయటికి నడిచాడు. భీమవరం నుంచి బదిలీ మీద వచ్చి వారమైంది. ఈ ఆసుపత్రిలో ఎవరెలాంటివారో అతనికింకా తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం. రెండో నర్సు సెలవు. డాక్టర్ శ్యామలాంబ రక్తం తియ్యమని కాగితం రాసిచ్చి, ఏసమ్మ కాలు చూడటానికి పక్క గదిలోకి వెళ్ళింది. చర్చిలో ఆరాధన అయ్యాక ఏసమ్మ కాలవగట్టు మీద ఇంటికి నడిచి వెళ్తుంటే, వెనక నుంచి కారు వచ్చి గుద్దేసింది. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. కారు నడిపినవాడు ఇదిగో, ఈ బల్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు. పేరు కిరణ్ అని చెప్పాడు, అంతకు మించి నోరు విప్పలేదు. గది నిండా మందు వాసన.

"మెషిన్‌లో ఊదించారా?" అడిగింది నాగదుర్గ, తిరిగొచ్చిన బుల్లబ్బాయిని.

"ఊదించామండి. ముప్పై దాటితేనే కేసు, వీడిది నూట అరవై ఎనిమిది. కానీ ఆ మెషిన్‌ని ఈ ఏడాది పరీక్ష చేయించారా, సర్టిఫికెట్ ఏదీ అని లాయర్లు అడుగుతారండి. అందుకే రక్తమే గట్టిదండి. కార్లో ఇంకోడున్నాడంట, వాడు దూకి పారిపోయాడు."

నాగదుర్గ ఫోన్ మోగింది. పేరు చూసి ఒక్క క్షణం ఆగి, ఎత్తింది.

"చెప్పండి... ఆ, తెలుసండి. ఇక్కడే ఉన్నాడు." అవతలి గొంతు చాలాసేపు మాట్లాడింది. ఆమె మొహం ఎర్రబడింది. "ఓహో, స్పిరిట్ కిటుకు మీకూ గుర్తుకొచ్చిందన్నమాట. ఒక్క దూది ముక్కే కదా అంటున్నారు, ఆ ముక్కతో ఏసమ్మ కాలు అతుక్కుంటుందా అండి? ... పరువా? రోడ్డు మీద మనిషిని పడేసినప్పుడు ఎక్కడికెళ్ళిందండి పరువు? ... మీరు చెప్పినా చెయ్యను, మీ అమ్మగారితో చెప్పించినా చెయ్యను. పెట్టేస్తున్నాను."

"పెద్దోళ్ళాండి?" అన్నాడు బుల్లబ్బాయి గొంతు తగ్గించి.

"పెద్దవారే. పెద్దరికమే తక్కువ."

"అంతేనండి. తాగేదొకడు, ఫోన్లు చేసేదొకడు. మధ్యలో మీలాంటోళ్ళకి తిప్పలు."

పక్క గదిలోంచి ఏసమ్మ గొంతు వినిపించింది. "సిస్టరమ్మా, వచ్చే వారం ఊడ్పులండి. ఈ కాలేసుకుని ఏ చేలో దిగనండి? మా ఆయన కూడా లేడండి. ఆడికేం కాదు, రేపొద్దున్నే బయటికొచ్చేత్తాడు."

"రాడు ఏసమ్మా. నేనున్నానుగా," అంది నాగదుర్గ. అని, చేతులు కడుక్కుని, కిరణ్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"పొద్దున ఏం తిన్నావు?"

"ఇడ్లీ."

"పెట్టినావిడకి ఏం చెప్పి బయల్దేరావు?"

అతను తల ఎత్తలేదు. "ఆత్రేయపురం వెళ్తున్నాం, పూతరేకులు తెస్తానని."

"బాగానే తెచ్చావు. చొక్కా చెయ్యి పైకి మడువు."

సబ్బునీళ్ళతో మోచేతి లోపల తుడిచింది. పొడి గుడ్డతో అద్ది, ఆరేదాకా ఆగింది. సూది తీసింది. ఎడమ చెయ్యి అలవాటు కొద్దీ టేబుల్ మీద సీసా ఉండే చోటికి వెళ్ళింది. అక్కడ ఖాళీ. ఆ చేతిని వెనక్కి తీసుకుని పిడికిలి బిగించింది.

"కోపం తగ్గించుకోండి సిస్టర్," అన్నాడు బుల్లబ్బాయి. "ఇలాంటోళ్ళ కోసం మీ బీపీ పెంచుకోకండి."

సూది దిగింది.

"అమ్మా," అన్నాడు కిరణ్.

"మనిషిని గుద్దినప్పుడు రాలేదేంట్రా ఆ మాట? సూదికొచ్చిందా?" అని కసిరాడు బుల్లబ్బాయి.

నాగదుర్గ సూది బయటికి తీసింది. రక్తాన్ని రెండు సీసాల్లో నింపి, మూతలు బిగించి, కాగితాలు అంటించింది. సబ్బునీళ్ళతో తుడిచి తీసినట్టు విడిగా ఒక వాక్యం రాసింది. రెండూ పది, అని టైము వేసింది. బుల్లబ్బాయి లక్క కరిగించి సీలు వేస్తుంటే, అది సరిగ్గా పడేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

"ఇక దీన్ని ఏ లాయరూ కదపలేడండి," అన్నాడు అతను తృప్తిగా. తర్వాత ఫైల్లోంచి ఇంకో కాగితం లాగి తల గోక్కున్నాడు. "ఒక్క చిక్కుందండి. అరెస్టు చేసినట్టు ఇంట్లోవాళ్ళకి చెప్పి, దీని మీద సంతకం పెట్టించాలి. వీడు ఇంటి నంబరు చెప్పి చావట్లేదు. ఇది లేకపోయినా లాయరుకి పండగే."

"ఇటివ్వండి."

"మీరు కాదండి సిస్టర్. అది చుట్టాలే పెట్టాలండి."

నాగదుర్గ కాగితం అందుకుని టేబుల్ ముందు కూర్చుంది. కిరణ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆమె కింద సంతకం పెట్టింది, పక్కన ఫోన్ నంబరు వేసింది. ఇంకొక్క గడి మిగిలింది.

సంబంధం అని ఉన్నచోట, "తల్లి" అని రాసింది.