పైపుల్లేని ఆర్గాన్

"కదలకండి పెద్దాయనా. మీరు తల తిప్పితే నా లెక్కంతా మళ్ళీ మొదటికొస్తుంది," అన్నాడు సౌండు మాస్టారు, నేలమీద బోర్లా పడుకుని వైరు లాగుతూ.

గది మధ్య కుర్చీలో ఉన్న పెద్దాయన తల తిప్పడం మానేశాడు గానీ ముఖం మాత్రం చిటపటలాడుతూనే ఉంది. మాస్టారు పట్టించుకోలేదు. ఏ ఇంటికి వెళ్ళినా పనికి అడ్డొచ్చే పెద్దమనిషి ఒకరుంటారని అతని అనుభవం. ఇందాక తలుపు బార్లా తీసి పెట్టెలు లోపలికి చేరవేస్తుంటే ఈయన ఎదురొచ్చి ఏదో చెప్పబోయాడు. సలహాలు మొదలైతే పని తెమలదని, భుజం పట్టి కూర్చోబెట్టేశాడు. పైగా గది చుట్టూ పెట్టిన స్పీకర్లను సరిచూడాలంటే మధ్యలో ఒక మనిషి చెవి ఉండి తీరాలి.

ఆర్గాన్ వాద్యం గోడవారగా ఉంది. పైన మూడు వరసల మీటలు, కింద కాళ్ళతో నొక్కే చెక్కలు. గాలితో స్వరం పలికే పైపు మాత్రం వెతికినా ఒక్కటి కనిపించదు. ఒక పెద్ద హాల్లో ఉన్న అసలు ఆర్గాన్ పైపుల్ని ఒక్కొక్కటిగా రికార్డు చేసి కంప్యూటర్లోకి ఎక్కించారు. ముందు స్పీకర్లలో ఆ పైపులు పలకాలి, వెనక స్పీకర్లలో ఆ హాలు గోడలు బదులు పలకాలి.

ఆర్గాన్ ముందు కూర్చున్న అమ్మాయికి వచ్చే వారం అదే హాల్లో ఉద్యోగ పరీక్ష. ఇంట్లో ఉన్న రెండు పాత స్పీకర్లూ ముందువే కావడంతో, వెనక గోడ ఆలస్యంగా ఇచ్చే జవాబు ఆమెకు అలవాటు లేదు. కిందటిసారి హాల్లో అది విని కంగారుపడి, వచ్చిన పాట కూడా చెడగొట్టుకుంది. ఈసారీ పోతే ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇది చాలక కింది వాటావాళ్ళతో తంటా. ఈ ఇంట్లో దిగి నెలలు గడిచినా వాళ్ళ ముఖం చూసిన పాపాన పోలేదు. వాళ్ళు కర్రతో సీలింగు పొడవడం, అసోసియేషన్ సెక్రటరీకి ఫోన్ చెయ్యడం, అంతవరకే పరిచయం. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఆర్గాన్ గడప దాటాల్సిందేనని సెక్రటరీ తేల్చి చెప్పేశాడు.

"ఇవాళ కింది నుంచి ఒక్క దెబ్బ వినబడితే నా పేరు మార్చుకుంటాను," అన్నాడు మాస్టారు లేచి చేతులు దులుపుకుంటూ. "ప్రతి స్పీకరు కిందా రబ్బరు దిమ్మలు వేశాను. అదురు నేలలోకి దిగదు. ఒక స్వరం నొక్కండి మేడం."

ఆమె నొక్కింది.

"వెనక ఎడమది తొందరపడుతోంది," అన్నాడు పెద్దాయన, అనకూడదనుకుంటూనే.

మాస్టారు ఆశ్చర్యపోయి లాప్‌టాప్‌లో అంకె మార్చాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు మరీ పక్కవీధిలోకి పోయింది."

"ఇప్పుడో?"

"ఆఁ. ఇప్పుడు గోడ దగ్గరుంది."

ఆ తర్వాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కుడిది పైకెత్తమన్నాడు, మూలది కిటికీ నుంచి జరపమన్నాడు. మాస్టారు ఎత్తాడు, జరిపాడు. చెప్పిన ప్రతిసారీ గది ఇంకాస్త పెద్దదైంది. చిటపటలు ఎప్పుడు పోయాయో గానీ, అమ్మాయి టీ తెచ్చి చేతికిచ్చినా ఆయన తాగడం మరిచిపోయాడు.

"అమ్మా, ఆ కాలి చెక్క నొక్కు. అన్నిటికన్నా లావు గొంతుది."

ఆమె నొక్కింది. ఆయన నేలకేసి వంగి విన్నాడు. "మళ్ళీ." ఇంకోసారి విన్నాడు. "గాజు సామానేదీ మోగట్లేదే," అన్నాడు నమ్మలేనట్టు.

"రబ్బరు దిమ్మల గొప్పదనం అదే," అన్నాడు మాస్టారు.

"ఇక మొత్తం వాయించు. సౌండు తగ్గించకు."

ఆమె మొదలుపెట్టింది. మధ్యలో చేతులు తడబడే చోటు రాకముందే, "ఇక్కడ నెమ్మది," అన్నాడు పెద్దాయన. ఆమె నెమ్మదించింది. వెనక గోడ జవాబిచ్చింది. ఈసారి ఆమె కంగారుపడలేదు, ఆ జవాబు విన్నాకే తర్వాతి స్వరం అందుకుంది. పాట అయిపోయాక కూడా హాలు కాసేపు గదిలోనే ఉంది. ఆమె కళ్ళు నిండిపోయాయి. ఉద్యోగం వచ్చేస్తుందని మొదటిసారి గట్టిగా అనిపించింది.

"కర్ర చప్పుడు వచ్చిందా?" అన్నాడు మాస్టారు, పేరు నిలబెట్టుకున్న ధీమాతో.

"రాలేదు. ఉండండి, వాళ్ళకేమైనా వినబడిందేమో అడిగొస్తాను. ఫోన్ వెళ్ళేలోపు నేనే మంచిగా మాట్లాడతాను."

ఆమె గబగబా మెట్లు దిగింది. వెళ్ళినంత హుషారుగా తిరిగి రాలేదు.

"తాళం వేసుంది. ఇంట్లో ఎవరూ లేరు," అంది గుమ్మాన్ని ఆనుకుని. "కర్ర పట్టుకునేవాళ్ళే లేకపోతే చప్పుడెలా వస్తుంది? మనం ఇంతసేపూ పడ్డ కష్టమంతా లెక్కలోకి రాదు. రేపు వాళ్ళు రాగానే నా పని అయిపోతుంది."

మాస్టారు రబ్బరు దిమ్మల వంక చూసి గడ్డం గోక్కున్నాడు.

"పోనీలెండి. మీ గురువుగారికి నచ్చింది, నాకదే చాలు," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "ఆయనలాంటి చెవి నేనెక్కడా చూడలేదు."

"మా గురువుగారేంటి మేడం? ఆయన మీ నాన్నగారు కదూ?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నెమ్మదిగా కుర్చీవైపు తిరిగారు.

"కింది వాటా నాదేనమ్మా, ఇంకోటి వాయించు," అన్నాడు పెద్దాయన.