మెద్‌హత్ డ్రైవింగ్ పరీక్ష

"మళ్లీ పోయింది," అన్నాడు మెద్‌హత్, గుమ్మంలోనే బూట్లు విప్పుతూ.

సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చున్న నెర్మీన్ టీవీ సౌండు తగ్గించింది. "ఈసారి ఏం చేశావు?"

"దారిచ్చాను."

"దారివ్వడం మంచిదేగా?"

"చెత్త లారీకి."

"అయితే ఏం?"

"అది ఆగి ఉన్న లారీ. లోపల డ్రైవరు కూడా లేడట. నేను దాని వెనకాలే ఆగి కూర్చున్నాను. పక్కన కూర్చుని పరీక్ష పెట్టే పోలీసాయన చాలాసేపు చూసి, 'తమ్ముడూ, అది రేపు పొద్దున గానీ కదలదు' అన్నాడు."

నెర్మీన్‌కి నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

"అలెగ్జాండ్రియాలో గాడిదబండ్ల మధ్యలోంచి కారు నడిపినవాడివి. ఇక్కడేమొచ్చింది నీకు?"

"అక్కడ రూల్సు ఎవడిక్కావాలి? రూల్సున్న చోట నాకు కంగారు," అన్నాడతను తల దించుకుని.

ఊళ్లో ఉన్నప్పుడు నెర్మీన్ ఇలా చిన్నదానికీ పెద్దదానికీ కళ్లనీళ్లు పెట్టుకునే మనిషి కాదు. అలెగ్జాండ్రియాలో ఆమెకు సొంత మందుల షాపు ఉండేది. వీధివీధంతా ఆమెను డాక్టరమ్మ అని పిలిచేది. పొద్దున ట్రాములో కండక్టరుతోనూ సాయంత్రం చేపలవాడితోనూ పోట్లాడితే గానీ ఆమెకు రోజు గడిచినట్టుండేది కాదు. మొగుడు మెద్‌హత్‌కి దుబాయ్‌లో ఇంజినీరు ఉద్యోగం రాగానే షాపు తమ్ముడికి అప్పగించి వచ్చేసింది.

ఇక్కడ పద్నాలుగో అంతస్తులో ఫ్లాటు. కిటికీలోంచి చూస్తే రోడ్డు, దానవతల ఇంకో రోడ్డు. పోట్లాడదామంటే మనిషి దొరకడు. లిఫ్టులో కనిపించేవాళ్లు ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటారు. టాక్సీవాడు "ఎక్కడికి?" అని అడిగితే చెప్పడానికి ఆమెకు ఊళ్లో ఒక్క చోటూ తెలియదు. మెల్లమెల్లగా గడప దాటడం మానేసింది. తర్వాత నైటీ మార్చడం కూడా మానేసింది.

"నువ్వే డ్రైవింగు నేర్చుకోరాదూ?" అని మెద్‌హత్ మొదట్లోనే అడిగాడు.

"నువ్వుండగా నాకెందుకు? ఆ రోడ్లు చూస్తేనే కళ్లు తిరుగుతాయి. నీకు లైసెన్సు వచ్చాక నువ్వే తిప్పుదువు గాని."

అలా ఆమె ఆశలన్నీ అతని లైసెన్సు మీదికి చేరాయి. ఒక పాత కారు కూడా కొని సెల్లారులో పెట్టారు. దాని మీద దుమ్ము పేరుకుంటోంది. అతనేమో పరీక్ష వెంట పరీక్ష తప్పుతున్నాడు. ఒకసారి ట్రాఫిక్ సర్కిల్లోంచి బయటపడే దారి తెలియక చుట్టూ తిరుగుతూనే ఉన్నాడట. ఇంకోసారి ఇండికేటరు వెయ్యబోయి, ఆ మండుటెండలో వైపర్లు ఆన్ చేశాడట.

ఇప్పుడు చెత్త లారీ.

"నాకు టికెట్ తీసెయ్యి మెద్‌హత్," అంది నెర్మీన్ నెమ్మదిగా. "మా ఊరెళ్లిపోతాను. నువ్వు సెలవులకి వద్దువు గాని."

అతను ఆమె వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆమె తమాషాకి అనడం లేదని అర్థమైంది.

"ఇంకొక్కసారి వెళ్లొస్తాను."

"నువ్వు వెళ్లింది చాలు. ఇలాగైతే ఆ పరీక్షకి నేనే పోవాలి."

"నీ వల్ల కాదులే."

"ఏమన్నావు?"

"రోడ్డు దాటడానికే భయపడతావు. నువ్వు కారేం నడుపుతావు?"

నెర్మీన్ విసురుగా టీవీ కట్టేసి లేచింది. మర్నాడు పొద్దున్నే నైటీ విప్పి పారేసి, మంచి బట్టలు కట్టుకుని డ్రైవింగు స్కూలుకి వెళ్లింది.

అక్కడ నేర్పే షాజియా లాహోరు మనిషి, నోరు పెద్దది. ఆమె అరిస్తే నెర్మీన్ అంతకు రెండింతలు అరిచింది. చాలాకాలానికి తనకు సరైన మనిషి దొరికినట్టనిపించింది. కొద్దిరోజులకే ఇద్దరూ ఒకే డబ్బాలో తింటున్నారు.

మొదటి పరీక్షకే పాసైంది.

మెద్‌హత్ పెద్ద పళ్లెం నిండా బస్బూసా మిఠాయి తెచ్చాడు. "మొదటిసారికేనా?"

"మొదటిసారికే. దారిలో ఆగి ఉన్న లారీ ఒకటి తగిలింది కూడా. పక్కనుంచి వెళ్లిపోయాను," అంది. అతను సిగ్గుతో తల వంచుకుని రెండో ముక్క తీసుకున్నాడు.

ఇక ఆమె ఆగలేదు. దుబాయ్‌లోనే కరామా అనే పేటలో ఒక మందుల షాపులో ఉద్యోగం సంపాదించింది. శుక్రవారాలు మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సముద్రానికి, అక్కణ్నుంచి చేపల మార్కెట్టుకి తీసుకెళ్లేది. అక్కడ మనసారా బేరమాడి, మనసారా పోట్లాడి వచ్చేది. మెద్‌హత్ పొరపాటున "ఎడమవైపు లేన్‌లోకి వెళ్లు" అన్నాడా, "పాసైనవాళ్లం నడుపుతున్నాం, నువ్వు కాసేపు ఊరుకో" అనేది. అతను ఊరుకునేవాడు.

"బంగారంలాంటి మనిషే అమ్మా," అని ఫోనులో తల్లికి చెప్పేది. "స్టీరింగొక్కటి చేతికివ్వకూడదు, అంతే."

టికెట్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక శుక్రవారం మెద్‌హత్‌తో పనిచేసే బక్రీ అనే సూడాను కుర్రవాడు వాళ్లింటికి భోజనానికి వచ్చాడు. సాయంత్రం అతన్ని దింపడానికి ముగ్గురూ బయల్దేరారు. నెర్మీనే నడుపుతోంది. దారిలో రొట్టెల దుకాణం దగ్గర ఆపితే మెద్‌హత్ దిగి లోపలికి వెళ్లాడు.

నెర్మీన్ వెనక్కి తిరిగింది. "బక్రీ, మీరైనా మా ఆయనకి కాస్త నేర్పకూడదూ?"

"ఏమిటి వదినగారూ?"

"డ్రైవింగు. పాపం, అన్నిసార్లు పరీక్ష పోయేసరికి బెదిరిపోయాడు. మళ్లీ వెళ్లమంటే వద్దంటాడు. సిగ్గుపడి మీతో చెప్పి ఉండడు."

దుకాణంలో వరసలో నిలబడ్డ మెద్‌హత్‌ని బక్రీ చూశాడు, ఆమెను చూశాడు.

"ఎవరు, మన మెద్‌హతా?"

"ఇంకెవరు?"

ఆమె ఆటపట్టిస్తోందనుకుని బక్రీ నవ్వేశాడు.

"ఉద్యోగంలో చేరిన కొత్తల్నించీ మమ్మల్నందరినీ రోజూ కంపెనీ కారులో సైటుకి తీసుకెళ్లేది ఆయనేగా."