నలభై మీద ముల్లు

మీటరులో ముల్లు నలభై తాకేసరికి గడియారాల మెకానిక్‌కి ఎక్కడలేని హుషారు వచ్చింది. పక్కనే హైవే మీద లారీలు దూసుకుపోతున్నాయి. సర్వీసు రోడ్డులో ఎలక్ట్రిక్ బైకు నడుపుతున్న ఆయన, తానేం తక్కువ తినలేదన్నట్టు ఛాతీ విరిచాడు. అంతలో బడిపిల్ల ఒకతె మామూలు సైకిలు తొక్కుకుంటూ ఆయన్ని దాటి వెళ్ళిపోయింది.

“ఈకాలం పిల్లలకి మరీ తొందర!” అని గొణుక్కున్నాడు.

ఇరవై ఐదు దాటితే లైసెన్సు కావాలి, నంబరు ప్లేటు కావాలి. ఆయనకి రెండూ లేవు. దాటనని భార్యకి మాటిచ్చే బండి కొనుక్కున్నాడు. మాట తప్పితే మర్నాడే అమ్మేస్తానని ఆవిడ తేల్చి చెప్పింది. అయినా మనసు ఊరుకుంటేనా? బైకులు బాగుచేసే బావమరిది చెవిలో పోయిన వారమే ఊదాడు.

“ఆ స్పీడు లాకు తీసెయ్‌రా. మీ అక్కకి తెలియకూడదు.”

“అక్క అడిగితే నేను దాచలేను బావా. నా వీపు విమానం మోత మోగుతుంది.”

“మీ అక్కా? గడపదాటడానికి గంట చేస్తుందని ఇంట్లో గడియారం నేను పది నిమిషాలు ముందుకు జరిపి ఇరవై ఏళ్ళయింది. ఇప్పటిదాకా పసిగట్టిందా?”

మలుపులో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. రెండో చేతిలో స్పీడు గన్ను.

“నలభైలో వచ్చానమ్మా, బుద్ధి గడ్డి తిన్నది! బండి మాత్రం తీసుకోకండి. మా ఆవిడకి తెలిస్తే నా పని అయిపోతుంది,” అడక్కముందే అంతా కక్కేశాడు.

ఆవిడ గన్ను వంకా, ఆయన వంకా మార్చి మార్చి చూసింది. “ఇరవై రెండేనండీ. హెల్మెట్ పట్టీ పెట్టుకోలేదని ఆపాను.”

పట్టీ బిగించుకుని, బతుకు జీవుడా అంటూ నేరుగా బావమరిది షెడ్డుకి వెళ్ళాడు.

“వాళ్ళ మిషను పాడైపోయిందిరా! నేను నలభైలో వస్తుంటే ఇరవై రెండంది. ముప్పై ఏళ్ళుగా ముళ్ళు సరిచేసి బతుకుతున్నవాణ్ణి, ముల్లు చూడ్డం నాకు తెలీదూ?”

బావమరిది చేతిలో స్పానరు కింద పెట్టి తల గోక్కున్నాడు.

“మిషను బాగానే ఉంది బావా. ఆరోజే అక్క అడిగింది, చెప్పేశాను.”

“చెప్పేశావా! మరి లాకు తియ్యనిచ్చిందా?”

“ఇంట్లో గడియారంలా ముల్లొక్కటే జరపమంది.”