గుప్పెడు బొగ్గు

"ఉందా లేదా? ఒక్క మాట చెప్పండి," అన్నాడు ఐవిన్.

"ఏమిటండీ?"

"యాక్టివేటెడ్ కార్బన్. చేపల తొట్టి ఫిల్టర్‌లో వేసే బొగ్గు. ఇప్పటికి మూడుసార్లు చెప్పాను."

కొట్టు యజమాని ఒడ్వార్ ఆ మాట పుట్టి బుద్ధెరిగాక విననట్టు ముఖం పెట్టాడు. పెడుతూనే రెండడుగులు పక్కకి జరిగి, వెనకాల ఉన్న అరకి అడ్డంగా నిలబడ్డాడు.

"మాంసం కాల్చుకునే బొగ్గుంది. ఇమ్మంటారా?"

"అది మందుని పీల్చదండీ."

"అయితే లేదండీ. ఈ ఊళ్లో అలాంటివి ఎవరూ వాడరు. ఎప్పుడూ వాడలేదు."

ఐవిన్ వెనకాల ట్రాలీ నిండా పంచదార పొట్లాలతో నిలబడ్డావిడ, చడీచప్పుడు లేకుండా వాటిని ఒక్కొక్కటే తిరిగి అరలో సర్దేస్తోంది.

ఐవిన్‌కి ఒళ్లు మండింది. కొండల మధ్య ఉన్న ఈ ఊరికి బదిలీ మీద వచ్చి రెండు వారాలు. కూతురు సున్నివాకి తొమ్మిదేళ్లు. కొత్త బడిలో ఇంకా ఒక్క స్నేహితురాలూ కుదరలేదు. ఉన్న తోడల్లా బొల్లా అనే బంగారు చేప. దానికి ఒంటినిండా తెల్లమచ్చలు వచ్చాయి. పొద్దున పనికి వెళ్తూ ఐవిన్ నీళ్లలో మందు వేశాడు. నాన్న మరిచిపోయాడేమోనని సున్నివా మళ్లీ వేసింది. అతను మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి బొల్లా పైకి తేలి, నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటోంది.

ట్రోన్‌హైమ్ నగరంలోని పెంపుడు చేపల కొట్టుకి ఫోన్ చేశాడు.

"సగం నీళ్లు మార్చండి. మిగిలిన మందుని లాగాలంటే మాత్రం యాక్టివేటెడ్ కార్బనే," అంది కొట్టులోని అమ్మాయి. "పొడి వద్దు, పలుకులుగా ఉండేది చూడండి. బాగా కడిగి ఫిల్టర్‌లో పెట్టండి. ఆలస్యమైతే చేప దక్కదు."

ట్రోన్‌హైమ్ వెళ్లే దారి మంచు పడి మూసుకుపోయింది. నీళ్లు మార్చి, తిండి మాటే మరిచి, వచ్చిన బండిలోనే మళ్లీ బయల్దేరాడు.

కొట్టు తర్వాత గొర్రెల రైతు టూర్ఫిన్ ఇల్లు. తలుపు జానెడే తెరుచుకుంది.

"బొగ్గా? నా కొట్టంలో గొర్రెలు తప్ప ఇంకేమీ లేవండీ."

"నేను కొట్టం సంగతి అడగలేదు."

"అడిగినా లేవండీ."

ఆ పక్కింట్లో పరదా కదిలింది, దీపం ఆరిపోయింది. తలుపు తడితే, "ఇంట్లో ఎవరూ లేరు," అని లోపల్నుంచి జవాబొచ్చింది.

తొమ్మిది ఇళ్లు తిరిగాడు. గోడకి చెప్పినా కాస్త నయమేమో అనిపించింది. చచ్చిపోతున్న చేపకి గుప్పెడు బొగ్గు పెట్టని మనుషుల మధ్య పిల్లని ఎలా పెంచడం? ఈ ఊరొచ్చి పెద్ద తప్పు చేశాననుకున్నాడు. అంతలో ఫోన్ మోగింది.

"నాన్నా, బొల్లా పక్కకి ఒరిగిపోతోంది. దొరికిందా?"

"వస్తున్నానమ్మా," అన్నాడు. దొరికిందని చెప్పలేకపోయాడు.

ఊరి చివర మిగిలింది బొర్గిల్డ్ ముసలమ్మ ఇల్లొక్కటే. ఎనభై దాటిన మనిషి. తలుపు బార్లా తెరిచి అతన్ని తలనుంచి కాళ్ల దాకా చూసింది. గేటు దగ్గరున్న బండిని కూడా చూసింది.

"బొగ్గు ఎవరికి?"

"మా అమ్మాయి చేపకి."

"అందరూ అదే చెబుతారు నాయనా. ఉండు, కోటు వేసుకొస్తా. ముందు ఆ చేపని చూపించు."

బండెక్కి సీటు నిమిరి చూసుకుంది. "ముందు సీట్లో కూర్చోవడం ఇదే మొదలు," అంది. ఐవిన్ వినే స్థితిలో లేడు.

ఇంటికొచ్చాక తొట్టిలోకి వంగి చూసింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిన సున్నివాని చూసింది. అప్పుడు గానీ కోటులోంచి మూత డబ్బా తియ్యలేదు. డబ్బా నిండా నల్లటి పలుకులు. డబ్బా మీద రవ్వంత దుమ్ము లేదు.

కోటు చేతులు పైకి మడిచి, బొగ్గుని ఐవిన్ పట్టుకున్న గిన్నెలో పోసి, నల్లనీళ్లు పోయేదాకా ఏడుసార్లు కడిగింది. పాత మేజోడులో పోసి ముడి వేసింది. ఫిల్టర్‌లో స్పాంజి తర్వాత అమర్చింది.

"ఇందులోంచి నింపాదిగా దిగాలి. తొందరపెడితే వాసనా పోదు, విషమూ పోదు."

"మీ ఇంట్లోనూ చేపలున్నాయా అమ్మా?"

"ఎన్నడూ లేవు."

చీకటి పడేవేళకి బొల్లా ఒరగకుండా తిన్నగా నిలదొక్కుకుంది. ఇంకాసేపటికి కిందికి దిగి గులకరాళ్ల మధ్య మూతి పెట్టి వెతుక్కోసాగింది. సున్నివా ముసలమ్మ నడుం చుట్టూ చేతులు వేసి వదల్లేదు.

అప్పటిదాకా అణుచుకున్న ఉక్రోషం ఐవిన్‌కి తన్నుకొచ్చింది. "ఊరంతా తిరిగాను. గుప్పెడంటే గుప్పెడు అడిగాను. మీరు తప్ప ఒక్కరికీ మనసు రాలేదు."

"ఎలా వస్తుంది నాయనా? ఇళ్లల్లో కాచే సారాకి వాసన విరగ్గొట్టేది ఆ బొగ్గే. ఊరంతా కాస్తుంది. మా ఆయనా కాచేవాడు. పోయి పదకొండేళ్లయింది, ఇక ఆయన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు కాబట్టి చెబుతున్నా." ఖాళీ డబ్బా కోటులోకి దోపుకుని లేచింది. "ఇంకోసారి చేపకోసం ఇళ్లమ్మట తిరిగితే, కాస్త ఆ చొక్కా మార్చుకుని తిరుగు."

ఐవిన్ తల వంచి, బొగ్గు మరకలంటిన తన చొక్కా మీద, సరిగ్గా గుండెల దగ్గర తెల్లటి అక్షరాలతో ఉన్న మాటని చదువుకున్నాడు: పోలీసు.